పదకొండో గడి సరంగు

పోయిన గురువారం నేను ఇక్కడ కువైట్‌లో, మహబూలాలో బస్సెక్కి ఫహాహీల్ పోతున్నాను. తెలియని నెంబరు నుంచి ఫోన్‌కు ఒక ఆడియో మెసేజ్ వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.

"నమస్కారమండి. మీరు ఇసక జల్లెడ గారేనాండి? మా మావయ్య ఫోన్లో మీ పేరు అలాగే ఉందండి మరి. మావయ్య పొద్దున్న పోయారండి. వల బాగుసేసుకుంటా కూర్చున్నోరు కూర్చున్నట్టే ఒరిగిపోయారండి. ఆ ఫోన్లో ఉన్నోళ్ళందరికీ సెప్తన్నామండి. ఉంటానండి."

ఇసక జల్లెడ అంటే నేనే. మనిషి పేరు కంటే మనిషి చేసే పని రాసి పెట్టుకుంటే వెతుక్కోవడం తేలికని ఆ పోయినాయన లెక్క.

బస్సుకు ఎడమ పక్క బిల్డింగుల సందుల్లోంచి సముద్రం ముక్కలుగా కనిపిస్తుంది. ఒక సందులో ఇసుక తోడే ఓడ కనిపించింది. తర్వాతి సందులోనూ అదే ఓడ, అదే దూరంలో. ఆ తర్వాతి సందులోనూ. బస్సు పరుగెడుతున్నా అది వెనకబడలేదు. దూరంగా ఉన్న వస్తువు మనతోపాటు వస్తున్నట్టు ఎందుకు కనిపిస్తుందో నేను పుస్తకంలో చదివాను, ఎవరైనా అడిగితే చెప్పగలను. అయినా ఆ రోజు తల తిప్పుకున్నాను.

సముద్రం అడుగున ఇసుకను పెద్ద గొట్టంతో పీల్చి, కడుపులో నింపుకుని, ఒడ్డున కొత్త నేల పోయడానికి మోసుకెళ్ళే ఓడను డ్రెడ్జర్ అంటారు. ఎక్కడ పడితే అక్కడ పీల్చడానికి వీల్లేదు. సముద్రం మ్యాపును గడులుగా గీసి, ఏ గడిలో తోడుకోవచ్చో, ఏ గడిని వదిలేయాలో కాగితం ఇస్తారు. ఆ గడుల్ని కనిపెట్టి చూసే కంపెనీలో నాది ల్యాబ్ పని. పడవ మీద వెళ్ళినవాళ్ళు ఒక్కో గడి అడుగు నుంచి కాస్త ఇసుక తీసి, సంచిలో కట్టి, నెంబరు వేసి తెస్తారు. నేను దాన్ని ఆరబెట్టి, జల్లించి, తూచి, అందులో గవ్వలెన్ని, పురుగులెన్ని అని రాస్తాను. ప్రాణం ఉన్న ఇసుకైతే ఆ గడి జోలికి పోరు. ఏమీ లేని ఇసుకైతే తోడుకోమంటారు.

పోయినాయన ఆ సంచులు తెచ్చే పడవను నడిపే సరంగు. కోనసీమలో గోదావరి సముద్రంలో కలిసే చోట పుట్టిన మనిషి. కువైట్‌కు ఎప్పుడు వచ్చాడో, ఎంతమంది పిల్లలో నేనెప్పుడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆయన దగ్గర ఉన్నప్పుడు అలాంటివి అడగాలని తోచదు. మరుక్షణం ఆయన ఏం చేస్తాడో చూడాలనిపిస్తుంది, అంతే.

నాది అన్నమయ్య జిల్లా. పదో తరగతి తప్పాక మా ఊరి శాఖా గ్రంథాలయమే నాకు కాలేజీ. సైన్సు బీరువాలో పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివాను. నలభై ఏళ్ళు వచ్చేదాకా సముద్రాన్ని చూడలేదు గానీ, దాని గురించి నాకు తెలిసినంత మా ల్యాబ్‌లో డిగ్రీలు చదివినవాళ్ళకు తెలియదు. గొప్పకు చెప్పడం లేదు. జరిగినదానికి ఇదే కారణం కాబట్టి చెబుతున్నాను.

పడవ మీద ఎవరైనా సెలవు పెడితే నన్ను పంపేవారు. మొదటిసారి ఎక్కినప్పుడు, అడుగు ఇసుకను కొరికి తెచ్చే దవడల డబ్బాను నీళ్ళలోకి దించబోతూ ఆయన పడవ అంచు మీద వేలి ముడుసులతో మూడుసార్లు కొట్టాడు. కొంచెం ఆగాడు. అప్పుడు దించాడు. ప్రతి గడిలోనూ అంతే.

"ఎందుకు చిన్నాయనా అట్ల కొట్టేది?" అన్నాను.

"ఒకరింటికెల్తే తలుపు కొట్టవా? మీ కడప దిక్కున కొట్టరేటి?"

"మాది కడప కాదు, అన్నమయ్య జిల్లా."

"ఏదైనా బోరుబావుల దేశమేగా. నీళ్ళు కనపడితే దండం పెట్టే జనం. నీకేటి తెలుత్తాది ఇది?"

"పుస్తకంలో చదివినా."

"ఓహో! లైబ్రరీ బాబువా?" అన్నాడు. ఆ రోజు నుంచి నన్ను లైబ్రరీ అనే పిలిచేవాడు. ఫోన్లో మాత్రం ఇసక జల్లెడ అని రాసుకున్నాడని ఇప్పుడే తెలిసింది.

ఆయన కబుర్ల పోగు. వాళ్ళ మేనత్త గురించి, ఆమె గేదె గురించి చుక్కాని తిప్పుతూ చెబుతూనే ఉండేవాడు. "ఆ గేది పొద్దున్నే రేవులోకి దిగేదిరా. దిగిందంటే ఇంక..." అని ఆగిపోయాడు ఒకసారి. ఏదో అడ్డం వచ్చిందేమోనని ముందుకు చూశాను. ఏమీ లేదు. ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడడం లేదు. ఆయన పెదాలు బిగపట్టి చుక్కాని రెండు చేతులా పట్టుకున్నాడు. ఐదు నిమిషాలు పోయుంటాయి. "...ఎవరు పిలిసినా వచ్చేది కాదు, ముక్కు మాత్రం పైకెట్టి సూసేది" అన్నాడు, మధ్యలో ఆగనే లేదన్నట్టు.

నేను లోతు చూపించే తెర వైపు చూశాను. ఆ ఐదు నిమిషాలూ మేం ఒక గొయ్యి మీదుగా వచ్చాం. డ్రెడ్జర్ తోడి వదిలేసిన గొయ్యి. తర్వాత గమనించాను, తెర ఆపేసి ఉన్నా ఆయన సరిగ్గా గొయ్యి అంచు దగ్గరే మాట ఆపేవాడు, అవతలి అంచు దాటాకే అందుకునేవాడు.

"గొయ్యి మీద మాట్లాడితే ఏమవుతుంది?"

"మాట కిందకి దిగిపోద్ది. మళ్ళీ పైకి రాదు."

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవురూ సెప్పలేదు. ఓసారి దిగిపోయింది."

"ఏ మాట?"

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "దిగిపోయిందన్నాను కదరా. ఏ మాటో తెలిత్తే దిగిపోయినట్టెలా?" అన్నాడు.

ఇంకొకటి ఉండేది. బారెడు పొడవు ప్లాస్టిక్ పైపు, ప్లంబర్లు వాడేది. ప్రతి గడిలోనూ ఇంజను ఆపించి, పైపు ఒక కొస నీళ్ళలో ముంచి, రెండో కొస చెవికి ఆనించుకునేవాడు. కళ్ళు మూసుకునేవాడు. తర్వాత ఒక్క మాట చెప్పి ఫారంలో రాయమనేవాడు. నాలుగో గడి: పడుకుంది. ఏడో గడి: ఒక్కత్తే ఉంది. తొమ్మిది: ఎవరూ లేరు. ఆ ఫారంలో అలాంటివి రాసే చోటు లేదు, ఇతర వివరాలు అన్న గీత మీద రాసేవాణ్ణి. మా ఇంజనీరు కేరళ ఆయన, మాతో హిందీలో మాట్లాడతాడు. నవ్వి, వాటి మీద అడ్డగీత పెట్టి, మిగతాది కంప్యూటర్లోకి ఎక్కించేవాడు.

పదకొండో గడి దగ్గర సరంగు చెప్పిన మాట సంత.

ఆ రోజు పైపు నాకిచ్చాడు. విన్నాను. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఆగకుండా చప్పుడు.

"ఇది రొయ్య చిన్నాయనా," అన్నాను. "ఒక జాతి చిన్న రొయ్య ఉంటుంది, దాని డెక్కను చిటికె వేసినట్టు వేస్తుంది. వేలకు వేలు ఒకేసారి వేస్తే ఇట్ల వినపడుతుంది. పుస్తకంలో ఉంది."

"రొయ్యలే. నేను కాదన్నానా? రొయ్యల కింద ఇను."

మళ్ళీ విన్నాను. చిటపటల కింద ఇంకేదో ఉంది. పెరుగుతూ తగ్గుతూ ఉంది. చిన్నప్పుడు గుట్ట ఇవతల నిలబడితే అవతల జరిగే సంత వినపడేది, ఒక్క మాటా అర్థమయ్యేది కాదు, కానీ జనం ఉన్నారని తెలిసేది. అచ్చం అట్ల. ఒడ్డున నిలబడి చూసేవాళ్ళకు కనిపించనంత దూరంలో ఉన్నాం మేం.

"పడవకు అలలు తగులుతున్నాయి, అదే," అన్నాను.

ఆయన వాదించలేదు. "పదకొండు, పన్నెండు రెండూ అడుగున ఒకటే మిట్టరా. పెద్ద కాయితం రాబోతంది, పదకొండు తోడుకోవచ్చా లేదా అని. నీ జల్లెడ సెప్పిందే మాట. జాగర్తగా సూడు," అన్నాడు.

మర్నాడు సంచులు నా బల్ల మీదికి వచ్చాయి. పదకొండో సంచి విప్పాను. ఆవగింజల్లా గుండ్రంగా, తెల్లగా, పాలిష్ పెట్టినట్టు నున్నగా ఉన్న ఇసుక. దాన్నిండా చిన్న గవ్వలు, ఇంకా కదులుతున్న పురుగులు. నాలుగో సంచిలో బూడిదలాంటి మెత్తటి ఇసుక, ఏమీ లేదు.

నాకు ఆ గుండ్రటి ఇసుక తెలుసు. పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. లోతు తక్కువ చోట, అలలు రోజూ దొర్లించగా దొర్లించగా, ఒక పొర మీద ఒక పొర సున్నం పట్టి ఆ గింజలు తయారవుతాయి. లోతులో తయారు కావు. పదకొండో గడి లోతు. నాలుగో గడి ఒడ్డు దగ్గర, లోతు లేదు. కాబట్టి సరంగు సంచులు తారుమారు చేశాడు.

సంచి మీద నెంబరు స్పష్టంగానే ఉంది. ఆయన్ను ఒక మాట అడిగి ఉండొచ్చు, ఆ రోజు ఆయన కింద జెట్టీ దగ్గరే ఉన్నాడు. అడగలేదు. నాలుగును పదకొండు చేశాను, పదకొండును నాలుగు చేశాను. ఎందుకు మార్చానో కారణం కింద ఇంగ్లీషులో రాశాను. ఇంజనీరు నా బల్ల దగ్గరికి వచ్చి భుజం తట్టాడు. ఆ సంగతి ఆ సాయంత్రం రూమ్‌లో నలుగురికీ చెప్పుకున్నాను.

రెండు రోజులకు ఇంజనీరు సరంగును ల్యాబ్‌లోకే పిలిచాడు. సంచులు మారాయని, వయసు అవుతోందని, కాస్త చూసుకోమని మెల్లగానే చెప్పాడు. నేను జల్లెడ దగ్గర అటు తిరిగి ఉన్నాను.

"ఆయ్," అన్నాడు సరంగు. ఇంజనీరు వెళ్ళిపోయాక కూడా అక్కడే నిలబడి తన చేతులు చూసుకున్నాడు. "మార్చినట్టు గుర్తు లేదురా లైబ్రరీ. గుర్తు లేకపోడమే వయసేమో మరి."

అప్పటి నుంచి సంచి కట్టి నాకు చూపించేవాడు. "ఇదెంత? సదువు."

"ఏడు."

"ఏడేనా? మళ్ళీ సూడు."

పదకొండో గడి తోడుకోవచ్చని కాగితం వచ్చింది. ఓడ రెండు వారాలు అక్కడే నిలబడింది. తోడడం అయ్యాక గడి ఎలా ఉందో చూడడానికి మమ్మల్ని పంపారు. పట్టపగలు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి, గాలి లేదు. దార్లో సరంగు ఏదో చెబుతున్నాడు.

"మా ఊళ్ళో ఒకావిడ ఉండేదిరా. మొగుడు యేటకెల్లి రాలేదు. రోజూ పొద్దున్నే ఒడ్డుకొచ్చేది. వచ్చి, సముద్రం కేసి తిరిగి..."

ఆగాడు. అంచు దాటాం. ఈ గొయ్యి పెద్దది, చాలాసేపు పట్టింది. అవతలి అంచు వచ్చింది. తెర మీద లోతు తగ్గింది. నేను ఎదురుచూశాను. ఆయన ఏమీ అనలేదు.

"సముద్రం వైపు తిరిగి ఏం చేసేది చిన్నాయనా?"

"ఎవురు?" అన్నాడు.

"మీ ఊరామె. మొగుడు రానామె."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను ఎవరి గురించి అడుగుతున్నానో ఆయనకు నిజంగానే తెలియలేదు. ఎగతాళి కాదు. ఎగతాళి చేసేటప్పుడు ఆయన కుడి కన్ను చిన్నదవుతుంది, అది నాకు తెలుసు.

వెనక్కి తిప్పి గడి మధ్యలో ఇంజను ఆపాడు. పైపు ముంచి విన్నాడు. చెవి మార్చి విన్నాడు. తర్వాత పైపు నా చేతికిచ్చాడు.

"నా సెవులు పోయినియ్యో, కిందే పోయిందో. నువ్వు సెప్పు."

విన్నాను. ఏమీ లేదు. కానీ అది ఖాళీ గదిలో ఉండే నిశ్శబ్దం కాదు. గోడకు చెవి ఆనించినప్పుడు, గోడ అవతల ఇంకెవరో కూడా చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి మనల్ని వింటున్నట్టు ఉంది. చటుక్కున పైపు తీసేశాను.

"ఏమీ లేదు చిన్నాయనా."

"నిజంగానా?"

"నిజంగా."

"అయితే సెవులు బాగానే ఉన్నాయి," అన్నాడు. ఆ మాటలో సంతోషం లేదు. డబ్బా దించేటప్పుడు పడవ అంచు మీద కొట్టలేదు. "కొట్టలేదే?" అన్నాను. "ఎవురున్నారని?" అన్నాడు. డబ్బా పైకి వచ్చింది. నల్లటి బురద. కుళ్ళిన గుడ్ల వాసన పడవంతా నిండిపోయింది.

ఆ నెలలోనే ఇంజనీరు బీరువాలో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. టీ టైములో డిక్షనరీ పెట్టుకుని చదివేవాణ్ణి. గుండ్రటి ఇసుక బొమ్మ వచ్చింది. దాని తర్వాతి అధ్యాయం నేనెప్పుడూ చదవలేదు. వేల ఏళ్ళ కిందట ఈ సముద్రం ఇక్కడ లేదట. ఇదంతా పొడి నేలట. నీళ్ళు మెల్లగా పైకి వచ్చాయట. ఇప్పుడు లోతులో గుండ్రటి ఇసుక దొరికితే అది మునిగిపోయిన పాత ఒడ్డట. మనుషులు తిరిగి ఉండవచ్చట.

మా ఊరి గ్రంథాలయంలోని పుస్తకానికి ఆ అధ్యాయం లేదు. గుండ్రటి ఇసుక బొమ్మ తర్వాత అట్టే. పుస్తకం అక్కడితో అయిపోయిందనుకున్నాను. రెండుసార్లు చదివి కూడా, అయిపోలేదు చిరిగిపోయిందని తెలుసుకోలేకపోయాను.

అప్పటికే సరంగు ఇఖామాకు, ఇక్కడ ఉండనిచ్చే కార్డుకు, గడువు దగ్గరపడింది. కంపెనీ మళ్ళీ చేయించలేదు. వయసు అన్నారు. సంచులు మారిన సంగతి కూడా కాగితంలో ఉందని ఆఫీసులో విన్నాను.

ఆయన వెళ్ళే రోజు మహబూలాలో ఆయన రూమ్‌కు పోయాను. నేల మీద కూర్చుని అట్టపెట్టెకు తాడు బిగిస్తున్నాడు. మంచాల మీద ఇద్దరు ఊరివాళ్ళు ఉన్నారు. "ఏం సరంగూ, పెట్టెలో సముద్రం గానీ పట్టుకుపోతన్నావేటి?" అని ఒకాయన అంటే, "మిగిలితే కదా," అన్నాడు.

నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆయన తాడు బిగించడం ఆపలేదు.

"నువ్వా?"

"నేనే."

"అయితే సంచులు నేను మార్చలేదన్నమాట."

"లేదు చిన్నాయనా. నువ్వు సరిగ్గానే కట్టినావు."

పెద్దగా నవ్వాడు. మంచాల మీదివాళ్ళు తిరిగి చూశారు. నవ్వు ఆగాక, "ఓరి లైబ్రరీ! ఇన్నాళ్ళూ నన్ను నాకే కాకుండా సేసేసావు కదరా," అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. ఏదో పోయిన వస్తువు దొరికినవాడిలా అన్నాడు.

పాత ఒడ్డు సంగతి కూడా చెప్పాను. తాడు బిగించడం అప్పుడు ఆపాడు.

"మనుసులు తిరిగారంటావా అక్కడ?"

"తిరిగి ఉండొచ్చని రాసినారు."

"రొయ్యల కింద ఇన్నావు కదా నువ్వు?"

ఆయన వదిలేసిన తాడు కొస నేను పట్టుకుని ముడి వేశాను.

"పన్నెండోది మిగిలుంది," అన్నాడు. "దాన్ని కూడా నీ కాయితం సూసే ఇచ్చేత్తారు. తప్పు నీదని రాసియ్యి. నన్ను మళ్ళీ తీసుకుంటారని కాదు. నాకు సాలు. దానికోసం రాయి."

"రాస్తా."

"ఎప్పుడు?"

"ఈ నెలే."

ఆ నెల నా ఇఖామా రెన్యువల్ ఉంది. రాసిస్తే నన్ను కూడా పెట్టె కట్టుకోమంటారని భయం. రెన్యువల్ అయ్యాక అన్నాను. అయ్యాక, ఊరికి పోయొచ్చాక అన్నాను. ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. చేపల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడాడు. కాగితం సంగతి అడగలేదు. ఫోన్ పెట్టేముందు మాత్రం కాసేపు ఊరికే ఉండేవాడు. నేను ఏదైనా చెబుతానేమోనని చోటు వదిలినట్టు. ఆ చోట్లో నేను "సరే చిన్నాయనా, ఉంటా" అనేవాణ్ణి.

గురువారం ఆడియో విన్నాను. శుక్రవారం కూర్చుని రాశాను, నాకొచ్చిన ఇంగ్లీషులో, ఒకటిన్నర పేజీ. ఈ పొద్దున, ఆదివారం, ఆఫీసు తెరవగానే ఇంజనీరు చేతికిచ్చాను.

రెండుసార్లు చదివాడు. "ముసలాయన రాయమన్నాడా?"

"వెళ్ళేటప్పుడు చెప్పినాడు సార్. ఇప్పుడు లేడు. పోయినాడు."

అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "దీనివల్ల నీకేమవుతుందో తెలుసా?"

"తెలుసు."

కంప్యూటర్లో మ్యాపు తెరిచాడు. డ్రెడ్జర్ ఎక్కడుందో అందులో ఒక చుక్క చూపిస్తుంది. చుక్క పన్నెండో గడిలో ఉంది. నిన్న మధ్యాహ్నం దిగిందట. ఇంజనీరు ఫోన్ తీశాడు. మొదట ఎవరితోనో అరబ్బీలో, తర్వాత ఇంకెవరితోనో ఇంగ్లీషులో మాట్లాడాడు, గొంతు పెంచాడు, కాగితంలో నేను రాసిన వాక్యం ఒకటి చదివి వినిపించాడు. నేను నిలబడే ఉన్నాను. తెర మీద చుక్క చాలాసేపు కదల్లేదు. తర్వాత కొంచెం కదిలింది. తర్వాత గీత దాటి బయటికి వచ్చింది.

"ఒక చాలు పీల్చేశారు," అన్నాడు ఫోన్ పెట్టి. "మిగతాది ఆపారు. మళ్ళీ ఇసుక తీసి చూసేదాకా ముట్టుకోరు. రేపు ఏడింటికి పడవ. సంచి కట్టేది ఆఫీసు మనిషి, నువ్వు చేయి పెట్టొద్దు. ముసలాయనతో పడవెక్కినవాళ్ళలో ఇప్పుడు ఇక్కడ మిగిలింది నువ్వొక్కడివే, డబ్బా ఎక్కడ దించేవాడో చూపించు చాలు. తర్వాత నీ సంగతి చూద్దాం."

సరే అన్నాను. నాకు ఈత రాదని, ఇన్నాళ్ళూ సరంగు ఉన్నాడన్న ధైర్యంతోనే పడవెక్కానని చెప్పలేదు.